ఒక శాతం పెద్ద గుర్రం

రెండూ పది. మెషీన్ మీద ముతక కోత మొదలై నాలుగు నిమిషాలయింది, ఇంకా యాభై నిమిషాలు పడుతుందని కంప్యూటరు అంటోంది, దాని యాభై అంటే అరవై అనుకోవాలి, మా ఆయన "ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నా" అన్నట్టే. మెషీన్ని ఆపే ఎర్ర బటన్ దగ్గర్నుంచి చెయ్యి తియ్యకూడదు. నిన్న తీశాను. పొయ్యి మీద పాలున్నాయని గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళి, మంట తగ్గించి, ఎలాగూ వచ్చాను కదా అని గట్టు మీద పడ్డ రెండు చుక్కలు తుడిచి, అదే నా జబ్బు, చుక్క కనిపిస్తే తుడవకుండా ఉండలేను, తిరిగి వచ్చేసరికి చదరంగం గుర్రం దవడ కింద కోసే బిట్టు నిలువునా దిగిపోయి అడుగు పలకలోకి కూడా పోయింది. కింద నల్ల పొడి, దాని మీద తెల్ల పొడి. పాలు పొంగలేదు, గుర్రం పోయింది. ఇప్పుడు బల్ల మీద బిగించి ఉన్నది నాన్న దాచిన నల్ల చెక్కలో ఆఖరి ముక్క. ఇది కూడా పోతే ఆ చెక్క ఏమిటో, ఎక్కడ దొరికిందో చెప్పడానికి నాన్న లేడు. నాలుగింటికి అక్క వస్తుంది. రేపు పొద్దున పదింటికి అక్క ఆట.

అక్క మళ్ళీ చదరంగం ఆడుతోంది, నలభై ఒక్క ఏళ్ళ తర్వాత. పోయిన వారం ఫోను చేసి, వెనక ల్యాబులో మోటారు గుర్రుమంటుంటే, అక్క పళ్ళ సెట్లు చేస్తుంది, ఒకరి నోటి కొలత తీసి ఇంకొకరికి ఇచ్చే పొరపాటు ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యలేదు, మామూలు విషయం చెప్పినట్టే చెప్పింది. "మా డాక్టరు దగ్గరికి ఒక పెద్దాయన వస్తున్నాడే, రిటైరైన లెక్కల మాస్టారు. కింద పన్ను ఒక్కటీ లేదు కానీ మాట మాత్రం భలే కొరుకుతాడు. మాటల్లో చదరంగం వచ్చింది. ఆదివారం ఆడదామన్నాడు. నాన్న పెట్టె కిందికి దించా." "మరి పోయిన నల్ల గుర్రం?" అన్నాను. "సీసా మూత పెట్టుకుంటాలే, అది గెంతనంటే నేనే గెంతిస్తా" అని నవ్వింది. నేనే వద్దన్నాను. నేను చేసిస్తాను, మిగిలిన నల్ల గుర్రాన్ని మీ ల్యాబులో స్కాన్ చేసి ఫైలు పంపు, అదీ ఇదీ ఒకే గీతకి చేసినవే కదా అన్నాను. "నువ్వా? మెషీన్ మీదా? నీ వేళ్ళు జాగ్రత్త పొట్టీ, ఇక్కడ పళ్ళే చేస్తాం, వేళ్ళు చెయ్యం." యాభై ఏళ్ళొచ్చినా పొట్టీయే.

మెషీన్ నాది కాదు, మా ఆయనది. ఒక ఏడాది సరదాగా కొన్నాడు, మూడు వైపులా కదిలే చిన్న రౌటరు, కంప్యూటర్లో బొమ్మ ఇస్తే చెక్కలో చెక్కుతుంది. నెల రోజులు నన్ను ఈ గదిలోకే రానివ్వలేదు, "దాని జోలికి పోకు, ఖరీదైన వస్తువు" అని. రెండు గుండ్రటి పలకలు, ఒక వంకర నెమలి చేశాక సరదా తీరింది, మెషీన్ మీద పాత దుప్పటి పడింది. దుప్పటి కింద ఏదో ఉంటే దుమ్ము దులపాలి కదా, అలా మొదలైంది నాకు. ఇప్పుడాయన గుమ్మంలో నుంచుని "లోపలికి రావచ్చా" అని అడుగుతాడు. చెప్పులు బయట విడవమంటాను. ఈ వారం రోజుల్లో నాలుగుసార్లు తొంగి చూశాడు. మొదటిసారి అక్క పంపిన మోడల్ తెరిచినప్పుడు తెర మీద ఏమీ కనపడలేదు, దూరం నుంచి చూస్తే బల్ల ఆనవాలే లేదు, గుర్రం మాత్రం కొండలా ఉంది. ఫైల్లో అంకెలే ఉన్నాయి, అవి మిల్లీమీటర్లో అంగుళాలో రాయలేదు, సాఫ్ట్‌వేరు తనకు తోచింది అనుకుంది. అరవై అంగుళాల గుర్రం. "గుమ్మంలో పట్టదు, మేడ మీద కట్టేద్దాం" అన్నాడు మా ఆయన. అది సరిచేశాక దవడ కింద కన్నం. స్కానరు వెలుగు అక్కడికి చేరలేదేమో, మోడల్ పైపొరలో గోరంత చిల్లు, నాకు కనపడనేలేదు, బిట్టు నడిచే దారి లెక్కవేసినప్పుడు మాత్రం ఆ చిల్లు చోట అడుగే లేదనుకుని అగాధంలోకి గీత గీసింది. తెర మీద ఆ గీత ఉంది. సన్నటి నీలం గీత, నిలువుగా. చూశాను కూడా. ఏదోలే అనుకున్నాను, చిల్లు పూడ్చింది ముక్క పోయాకే. నేను ఏదోలే అనుకున్నవన్నీ ఇలాగే దిగుతాయి.

రెండూ ఇరవై రెండు. పొరలు పొరలుగా తీస్తోంది. నల్ల చెక్క కోస్తే వచ్చే వాసన, కొంచెం చేదు, కొంచెం మిరియంలా, నాన్న చొక్కా వాసన. చొక్కాకి ఇంకో వాసన కూడా ఉండేది, కాలిన ఇసుక వాసన, నాన్న పని ఇనుప పోత ఫ్యాక్టరీలో. ఇనుము పోసేది ఆయన కాదు. ఏ వస్తువు పొయ్యాలన్నా ముందు దాన్ని చెక్కతో చెయ్యాలి, ఆ చెక్క బొమ్మని ఇసుకలో నొక్కితే అచ్చు పడుతుంది, ఆ అచ్చులో ఇనుము పోస్తారు. చెక్క బొమ్మలు చేసేది నాన్న. పంపు మూతలు, పళ్ళ చక్రాలు, పేరు తెలియని వంకర గొట్టాలు. ఇసుకలోంచి బొమ్మ చెదరకుండా బయటికి రావాలంటే దాన్ని మధ్యకి రెండుగా కొయ్యాలి, పై సగం ఒకటి, కింద సగం ఒకటి, రెండిటినీ కలపడానికి చిన్న చెక్క మేకులు. ఎక్కడ కొయ్యాలన్నదే పనితనం అనేవాడు, చేతిలో పెట్టుకుని తిప్పుతూ, తిప్పుతూ, ఏ గీత దగ్గర కోస్తే రెండు సగాలూ దేన్నీ పట్టుకోకుండా పైకి లేస్తాయో ఆ గీత దొరికేదాకా. ఈ వారం మూడు రోజులు నేను గుర్రాన్ని నిలబెట్టే చెక్కాలని చూశాను. పైనుంచి దిగే బిట్టుకి దవడ కింద ఎలా అందుతుంది? మెడ వంపులోకి ఎలా వెళ్తుంది? నాలుగో రోజు పొద్దున బట్టలు మడతపెడుతుంటే, చొక్కాని మధ్యకి మడిచి చేత్తో సవరదీస్తుంటే, తట్టింది. గుర్రాన్ని పక్కకి పడుకోబెట్టి ముక్కు మీదుగా అడుగుదాకా రెండుగా కోస్తే చాలు, రెండు సగాలూ పక్క పక్కన బోర్లా పడుకుంటాయి, ఏ వంపూ బిట్టుకి దాగదు, తర్వాత రెండూ అతికించుకోవచ్చు. నాన్న గీత. చొక్కా అక్కడే వదిలేసి పరుగెత్తాను, మా ఆయన దాన్నే తొడుక్కుని పోయాడు, ఒక చెయ్యి ముడతలతో.

చదరంగం పావులు కూడా ఆ ఫ్యాక్టరీలోనే చేశాడు, మధ్యాహ్నం అన్నాల వేళ, ఒక్కొక్కటి. తెల్లవి ఏదో మామూలు చెక్క. నల్లవి ఈ చెక్క. పావులు పడుకోవడానికి పెట్టెలో ఒక్కొక్కదానికి ఒక్కో గూడు తొలిచాడు, పావుని దాని గూట్లో పెడితే చిన్న చప్పుడు, టప్ అని, ఆ తర్వాత పెట్టె తలకిందులు చేసినా కదలదు. ఆ చప్పుడు కోసమే నేను ఆట అయ్యేదాకా కూర్చునేదాన్ని, సర్దే పని నాది, ఆడే పని అక్కది. నాకు ఆట పట్టుబడలేదు. అక్కకి పదేళ్ళకే పట్టుబడింది. పదమూడో ఏట నాన్నని ఓడించింది, వరసగా మూడు సాయంత్రాలు. మూడో సాయంత్రం నాన్న రాజుని పడుకోబెట్టి, అమ్మతో "ఇది నన్ను మింగేసిందే" అని నవ్వాడు, ఆ నవ్వు అక్కవైపే ఉంది. నావైపు లేదు. నాకు తొమ్మిదేళ్ళు. మర్నాడు బడికి సెలవు, నాన్నకి క్యారియర్ తీసుకెళ్ళే వంతు నాది. గౌను జేబులో ఒక నల్ల గుర్రం వేసుకుని వెళ్ళాను. ఎందుకంటే చెప్పలేను. దొంగతనం అనుకోలేదు. నాక్కూడా ఏదో ఒకటి వచ్చని చూపించాలనేమో.

ఇసుక కుప్ప గోడ పక్కనే ఉండేది, నల్లగా, తడిగా, పిడికిట్లో పట్టుకుంటే ఉండ అయ్యేది. నాన్న చేతులు కడుక్కుంటున్నాడు. నేను చదును చేసిన ఇసుకలో గుర్రాన్ని పక్కకి పడుకోబెట్టి నొక్కాను, ఆయన నొక్కినట్టే, బొటనవేళ్ళతో. తీశాను. అచ్చు పడింది, కన్ను, జూలు, చెవులతో సహా. లోపలికి దిగిన గుర్రం, బోలు గుర్రం, నేను చేసింది. చూపించాలని నాన్న వైపు తిరిగాను, అప్పుడే సైరన్ మోగింది, నాన్న "దాని పక్కన నుంచోకే, లే లే" అని చెయ్యిపట్టి లాగేశాడు, గుర్రం కుప్ప మీదే ఉండిపోయింది. గేటు దాకా వచ్చాక జేబు తడుముకున్నాను. వెనక్కి చూస్తే ఇద్దరు పారలతో ఆ కుప్పని ఎత్తి పోస్తున్నారు. ఒక్క కేక వేస్తే ఆగేవాళ్ళే. వెయ్యలేదు. సాయంత్రం నాన్న పెట్టె తెరిచాడు, ఒక గూడు ఖాళీ. ముందు రాత్రి చివర ఆడింది అక్క, నేను అలిగి పడుకుంటే సర్దిందీ అక్కే. "ఎక్కడ పెట్టావు?" అన్నాడు. అక్క మంచం కింద వెతికింది, నేనూ వెతికాను, నేనూ వంగి చీపురు పుల్లతో గెలికాను మంచం కింద. "ఆట వచ్చినంత మాత్రాన అయిపోలేదు, వస్తువంటే లెక్కుండాలి" అన్నాడు నాన్న, గొంతు పెంచకుండానే. అక్క "సరే నాన్నా" అంది. అంతే. ఏడవలేదు, నేను కాదనలేదు. పెట్టె అలమార మీదికి వెళ్ళింది. నాన్న ఇంకో గుర్రం చెయ్యలేదు, చెక్క మాత్రం దాచాడు, పోయేదాకా. అక్క ఎప్పటికైనా వెతికి తెస్తుందని అనుకున్నాడో ఏమో. అక్క మళ్ళీ ఎవరితోనూ ఆడలేదు, పెళ్ళిలో ఎవరో సరదాకి బోర్డు పరిస్తే కూడా "నాకు రాదండీ" అంది, నేను పక్కనే ఉన్నాను.

రెండూ నలభై. ఎడమ సగం గుర్రంలా కనపడుతోంది, మెట్లు మెట్లుగా, ఇంకా మొహం లేదు. ముతక కోతలో అంతే, అసలు ఆకారం చుట్టూ అర మిల్లీమీటరు చెక్క వదిలేస్తుంది, సన్నటి బిట్టు మార్చాక నునుపు కోత దాన్ని తీస్తుంది. అప్పుడు కన్ను వస్తుంది. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి, ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి ఊరుకోదు, బల్ల మీద నిన్నటి పాడైన ముక్కని తీసుకుని తిప్పుతున్నాను. దాని అంచున నాన్న పెన్సిలు గీతలు రెండు అలాగే ఉన్నాయి, మధ్యలో ఆయన అంకె, 70. అంటే డెబ్భై మిల్లీమీటర్లకి కొయ్యాలని. నేను ముక్క బిగించే ముందు నా కొత్త డిజిటల్ కొలతతో చూస్తే డెబ్భై పాయింట్ ఏడు వచ్చింది, పెద్దయ్యాక గీశాడేమో, చెయ్యి వణికిందేమో అనుకుని మనసు ఒకలా అయింది. నాన్న చెయ్యి వణకడం. అది నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా గోడకి మేకున ఆయన ఇనుప స్కేలు వేలాడుతోంది, వారం వారం నూనె గుడ్డతో తుడుస్తాను, తుప్పు చుక్క లేకుండా ఉంచాను, దానితో కొలిచి మాత్రం ఎన్నేళ్ళయిందో. ఎడమ చేత్తో అందుకున్నాను. గీత నుంచి గీతకి పెట్టాను.

డెబ్భై.

వెంట్రుక వాసి తేడా లేకుండా డెబ్భై. మళ్ళీ పెట్టాను. డెబ్భై. ఐదో తరగతి. నా స్కేలు విరిగితే నాన్న స్కేలు బళ్ళోకి పట్టుకెళ్ళాను, టీచరు పది సెంటీమీటర్ల గీతలు గియ్యమంది, గీశాను, ఆమె కొలిచింది, ప్రతి గీతా ఒక మిల్లీమీటరు ఎక్కువ, అన్నీ తప్పులే, "నీ పది సెంటీమీటర్లు మీ ఇంట్లోనే చెల్లుతాయమ్మా" అంది, క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న ఒళ్ళో కూచోబెట్టుకుని, "మీ టీచరూ కరెక్టే, నా స్కేలూ కరెక్టే. ఇనుము వేడి మీద పోస్తాం కదా, చల్లారితే నూటికి ఒకటి ముడుచుకుంటుంది. ఆ ఒకటీ ముందే కలిపి గీసిన స్కేలు ఇది. దీనితో కొలిస్తే ఎక్కువే చేస్తాం, చల్లారాక సరిపోతుంది" అన్నాడు. ఎలా మర్చిపోయాను? మా ఇంట్లో ఆయన చేసినవన్నీ అలాగే ఉండేవి కదా. అలమార అరలకి అమ్మ కొన్న కాగితం ఎప్పుడూ కొంచెం చాలేది కాదు, "మీ నాన్న అర పెద్దదా, ఆ కొట్టువాడు దొంగా" అని రోజూ ఇదే గొడవ. ఆయన చేసిన చట్రంలో, కొన్న కిటికీ తలుపు గడియ వేసినా వేలంత గాలి వచ్చేది. ఆయన చేతికి అలవాటైన స్కేలు అదొక్కటే. ఎన్నటికీ చల్లారి ముడుచుకోని చెక్కకి కూడా ముడుచుకోవడానికి జాగా వదిలేవాడు. పావులకీ. గూళ్ళకీ. రెండూ ఒకే స్కేలుతో చేశాడు గనక ఎవరికీ తెలియలేదు, టప్ మని కూర్చునేవి.

నేనేం చేశాను? చెక్కతో పాటు దాచిన కాగితం మీద ఆయన గీసిన గుర్రం ఉంది, అడుగు ముప్ఫై, ఎత్తు అరవై అని రాసి ఉంది. అక్క పంపిన మోడల్‌లో అడుగు ముప్ఫై పాయింట్ మూడు, ఎత్తు అరవై పాయింట్ ఆరు. సరిగ్గా ఒక శాతం. చూడగానే నిర్ధారణ చేసేశాను, అక్క స్కానరే తప్పని. నాన్న రాసినదానికంటే మెషీన్ నిజమా అనుకుని మోడల్‌ని ఒక శాతం తగ్గించాను, సరిచేశానని గర్వం కూడా. మొన్న ఫోనులో చెప్పాను, ఎంత మర్యాదగా చెప్పానో. "అక్కా, నీ స్కాన్ ఒక శాతం ఎక్కువ చూపిస్తోంది." అక్క "అలాగా? నెల నెలా సరిచూస్తామే దాన్ని, తేడా ఉంటే పళ్ళే పట్టవు" అంది. నేను "లెక్క చూసే చెబుతున్నాను" అన్నాను. అక్క "సరే" అంది. ఆ సరే. అదే సరే. ముప్ఫై ఏళ్ళ పనితనాన్ని నా ఒక్క మాట మీద పక్కన పెట్టేసింది, మంచం కింద వెతికి లేచి నుంచున్నట్టే. నేను రెండోసారి ఆ తప్పు తీసుకెళ్ళి అక్క మీదే పెట్టాను.

మూడుకి ఇంకా ఆరు నిమిషాలుంది. కుడి సగం మెడ దగ్గర ఆఖరి పొర. ఎర్ర బటన్ నొక్కాలనిపించింది, వేలు దాని మీద పెట్టాను, ఆగు, లెక్క వెయ్యి, కంగారులో పాలు దించినట్టు కాదు. ఇది ముతక కోత. చుట్టూ అర మిల్లీమీటరు వదిలింది. నేను తగ్గించింది మధ్య నుంచి ఒక శాతం, ఎంత దూరపు అంచునైనా మిల్లీమీటరులో మూడో వంతు కూడా రాదు. అంటే అసలు గుర్రం ఇంకా ఈ చెక్కలోనే ఉంది. పూర్తి సైజు గుర్రం, ఈ మెట్ల కింద, ఒక సన్నటి పొర కప్పుకుని. నునుపు కోత మొదలయ్యుంటే పోయేది. వేలు తీశాను. మెషీన్ తనంతట తను పైకి లేచి, బిట్టు మార్చమని ఆగింది. గదిలో ఎంత నిశ్శబ్దమంటే నా మోకాలి చప్పుడు వినిపించింది. చెక్కని కదిలించలేదు, బిగింపులు తాకనైనా తాకలేదు. కంప్యూటర్లో తొంభై తొమ్మిది తీసి నూరు పెట్టాను. బిట్టు నడిచే దారి మళ్ళీ లెక్క వెయ్యమన్నాను, ఈసారి దవడ కింద ప్రతి గీతనీ దగ్గరికి తెచ్చి చూశాను, నిలువు గీత ఒక్కటీ లేదు. సన్నటి బిట్టు బిగించాను, దాని మొన చెక్కకి తాకే చోట ఎత్తుకి సున్నా మళ్ళీ పెట్టాను. ఇక నొక్కడమే. నొక్కలేదు. ఫోను తీశాను.

మూడు రింగుల తర్వాత మోటారు చప్పుడు, దాని వెనక అక్క. "ఏంటే, వేలు పోయిందా?"

"నీ స్కాన్ సరిగ్గానే ఉంది అక్కా. తప్పు నాది. నాన్న స్కేలు ఒక శాతం ఎక్కువ, పావులన్నీ దానితోనే చేశాడు."

"నే చెప్పాగా, మా దాంట్లో తేడా రాదని." మోటారు తిరుగుతూనే ఉంది. "ఈ మాత్రానికి ఫోనా? సాయంత్రం చెప్పొచ్చుగా."

"ఇంకోటి ఉంది. గుర్రం." "నల్ల గుర్రం పోగొట్టింది నువ్వు కాదు. నేను. జేబులో వేసుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాను. ఇసుకలో నొక్కి అచ్చు తీశాను, అక్కడే వదిలేశాను. నాకు తెలుసు. నువ్వు మంచం కింద వెతుకుతున్నప్పుడు కూడా తెలుసు."

మోటారు ఆగింది. అక్కడెవరో "మేడం, ఇది ఓవెన్లో పెట్టనా" అంటే "ఒక్క నిమిషం" అంది. నేను "సరే" కోసం చూస్తున్నాను. ఆ మాట వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

"అచ్చు ఎలా పడింది?" అంది అక్క.

"బాగానే పడింది. చెవులు కూడా పడ్డాయి."

"తొమ్మిదేళ్ళకి చెవులు పడ్డాయా." పని తెలిసిన మనిషి గొంతు. తర్వాత ఆ గొంతు మారింది. "నాన్నకి చెప్పాల్సింది, పొట్టీ. ఆయన ఉన్నప్పుడు."

"అవునక్కా."

"నలభై ఏళ్ళు నేను గౌన్ల జేబులు, బళ్ళో సంచీ, అమ్మ బియ్యం డబ్బా... పెళ్ళయ్యాక కూడా వెతికా, తెలుసా, ఇల్లు మారినప్పుడల్లా." సరే అనలేదు. "నాలుగింటికి పెట్టె తెస్తున్నా. గూట్లో పట్టిందో లేదో చూసి, ఒక ఆట ఆడదాం. నువ్వు నల్లవి తీసుకో."

"నాకు ఆట రాదక్కా."

"తెలుసు. కూర్చుని ఓడిపో."

ఫోను పెట్టేసింది. నేను చెయ్యి ఎర్ర బటన్ పక్కన పెట్టుకుని ఆకుపచ్చది నొక్కాను. సన్నటి బిట్టు దిగి, ఎడమ గుర్రం చెవి దగ్గర మొదలుపెట్టింది, నాన్న సైజులో.